ఏ శ్రీనివాస్ కావాలండీ?

జాబితాలో పేరుంది. మెడలో కార్డు మీదా పేరుంది. అయినా కావాల్సిన మనిషి దొరకడు. ఎందుకంటే అదే పేరుతో అదే అంతస్తులో ఇంకో నలుగురున్నారు! రాజుల కాలం నుంచి ఐటీ కాలం దాకా ఒకే పేరు పదిమందికి ఉంటే వచ్చే చిక్కులు ఎన్నెన్నో. వాటిని దాటడానికి జనం కనిపెట్టిన ఉపాయాలూ అన్నే.

మాదాపూర్‌లో ఏ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీకైనా వెళ్లి రిసెప్షన్‌లో 'శ్రీనివాస్‌గారిని కలవాలి' అని చెప్పి చూడండి. ఎదురు ప్రశ్న వెంటనే వస్తుంది... 'ఏ శ్రీనివాస్ అండీ?' అప్పుడు ఇంటిపేరు చెప్పాలి. అది తెలియకపోతే ఏ ప్రాజెక్టులో ఉన్నాడో చెప్పాలి. అదీ తెలియకపోతే ఫోన్ నంబరు చూపించాలి. ఆ మూడూ లేకపోతే సోఫాలో కూర్చుని ఎదురుచూడాల్సిందే!

లోపలికి వెళితే ఇంకో తంతు. మొదట చేరిన శ్రీనివాస్‌కి పేరుతో చక్కని ఈమెయిల్ ఐడీ దొరుకుతుంది. ఆ తర్వాత చేరినవాళ్లకు పేరు చివర ఒకటి, రెండు, మూడు... అంకెలు పెరుగుతూ పోతాయి. మెయిల్ పంపాలని రెండక్షరాలు కొట్టగానే తెర మీద బారెడు జాబితా తెరుచుకుంటుంది. తొందరలో వేలు ఒక వరస పైకి జారిందా... ఒకరి జీతం వివరాలు ఇంకొకరి ముందు వాలిపోతాయి. రాత్రి షిఫ్టు ముగిశాక క్యాబ్ డ్రైవరు చేతిలో కాగితం మీద ఇద్దరు లక్ష్మిలుంటే, మియాపూర్ వెళ్లాల్సిన లక్ష్మి ఎల్బీనగర్ బండి ఎక్కినా ఆశ్చర్యం లేదు.

1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఆ చుట్టుపక్కల ఎక్కువగా కనిపించినవి రాళ్లూ గుట్టలే. తర్వాత ఏడాదికేడాది మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ఒకదానికొకటి కలిసిపోయాయి. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, చిత్తూరు నుంచి ఖమ్మం దాకా డిగ్రీ చేతబట్టుకున్న కుర్రకారు అక్కడికి చేరింది. అప్పటిదాకా ఎవరి ఊళ్లో వాళ్లున్న శీనులంతా ఒకే లిఫ్టు ముందు వరస కట్టారు!

మొక్కును బట్టి పేరు

ఇంతమందికి ఒకే పేరేమిటి? తెలుగులో పేర్లకేమీ కరవు లేదు. కానీ నిన్న మొన్నటిదాకా బిడ్డకు పేరు పెట్టేటప్పుడు కొత్తగా ఉందా లేదా అని చూసినవాళ్లు తక్కువ. ఏ దేవుడికి మొక్కుకున్నారో ఆ దేవుడి పేరు పెట్టేయడమే. అందుకే ఒకప్పుడు పేరు వింటే మనిషిది ఏ వైపో చెప్పేయగలిగేవారు.

విశాఖ, విజయనగరం వైపు సింహాచలం అప్పన్న పేరుతో అప్పలరాజులు, అప్పలనాయుళ్లు, అప్పలనర్సమ్మలు. కొందరైతే ఏకంగా 'సింహాచలమే'. అనకాపల్లి నూకాలమ్మ దయతో పుట్టినవాడు నూకరాజు. తుని దగ్గర తలుపులమ్మ లోవలో మొక్కు తీర్చుకుంటే లోవరాజు. అన్నవరం చుట్టూ సత్యనారాయణలు, సత్యవతులు. నరసరావుపేట దాపున కోటప్పకొండ ఉంది కాబట్టి కోటయ్యలు, కోటేశ్వరరావులు. నెల్లూరు జిల్లా పెంచలకోన వల్ల పెంచలయ్యలు. కర్నూలు సీమలో అహోబిలం నరసింహుడి పేరున ఓబులేసులు, ఇంకొంచెం అవతల మద్దిలేటిలు. గుంటూరు, నెల్లూరు వైపు దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్లలోనూ మస్తానమ్మలు, మస్తాన్‌రావులు కనిపిస్తారు.

తెలంగాణలోనూ ఇదే తీరు. యాదగిరిగుట్ట చుట్టూ యాదగిరి, యాదయ్య, యాదమ్మ. వేములవాడ రాజన్న పేరుతో రాజయ్య, రాజేశం. కొమురవెల్లి మల్లన్న పేరుతో కొమురయ్య, మల్లేశం. ఇక తిరుపతి వెంకన్న అందరివాడు. వెంకయ్య, వెంకటేశ్వర్లు, వెంకటరమణ, తిరుపతి, బాలాజీ, శ్రీనివాస్... ఏ జిల్లాకెళ్లినా ఆయన పేరు పెట్టుకున్నవాళ్లే!

దీనికి తోడు తాత పేరు మనవడికి పెట్టే ఆచారం. నలుగురన్నదమ్ములు తలా ఒక కొడుక్కి తండ్రి పేరు పెట్టుకుంటే ఒక్క ఇంట్లోనే నలుగురు సుబ్బారావులు తయారు. పైగా మామగారి పేరు కోడలు నోటితో పలకకూడదాయె! అందుకని ఆ పిల్లవాడిని బుజ్జి అనో, చంటి అనో, నాని అనో పిలుచుకునేది. ఆ ముద్దుపేర్లూ నాలుగైదే కాబట్టి, సాయంత్రం వీధిలో నిలబడి 'బుజ్జీ...' అని కేకేస్తే ఆరుగురు పరుగెత్తుకొచ్చేవాళ్లు.

అయినా ఊళ్లో ఎవరికీ ఇబ్బంది లేదు. మిల్లు సుబ్బారావు, కరణంగారి సుబ్బారావు, పొడుగు సుబ్బారావు, చెరువుగట్టు సుబ్బారావు... ఎవరెవరో అందరికీ తెలుసు. ఉత్తరం మీద ఉట్టి సుబ్బారావు అని రాసి ఉన్నా, దస్తూరీ చూసి ఏ సుబ్బారావుకు ఇవ్వాలో పోల్చుకోగల పోస్టుమాన్‌లుండేవారు. పేరు అందరిదీ ఒకటే. తేడా మాత్రం ఊరి జ్ఞాపకంలో ఉండేది.

అమ్మ పేరుతో రాజులు

కొండాపూర్ అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేవి అద్దాల మేడలు, ట్రాఫిక్ జామ్‌లు. అదే పేరుతో సంగారెడ్డి జిల్లాలో ఇంకో ఊరుంది. అక్కడి తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు బయటపడ్డాయి. మ్యూజియం కూడా ఉంది. పేర్ల తికమక మనుషులకే కాదు ఊళ్లకూ తప్పలేదన్నమాట!

ఆ శాతవాహనులదీ ఇదే గొడవ. ఆ వంశంలో 'శాతకర్ణి' అన్న పేరు చాలామంది రాజులకుంది. అయితే వాళ్లకో మంచి అలవాటు ఉండేది. పేరుకు ముందు తల్లి పేరు చేర్చుకునేవారు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అలా వచ్చినవే. నాగార్జునకొండ ఇక్ష్వాకుల్లోనూ వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు కనిపిస్తారు. ఏ రాజు ఎవరో తేల్చుకోవడానికి చరిత్రకారులకు ఆ తల్లుల పేర్లే ఆధారమయ్యాయి.

తర్వాతి వంశాలు అంత సాయం చేయలేదు. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల్లో విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు అన్న రెండు పేర్లూ మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి. కాకతీయుల్లో తొలినాళ్లలో బేతరాజు, ప్రోలరాజు, మళ్లీ బేతరాజు, మళ్లీ ప్రోలరాజు... అచ్చం మన ఇళ్లలో తాత పేరు మనవడికి వచ్చినట్టే. చివరికి మొదటి, రెండవ అంటూ చరిత్రకారులే అంకెలు వేసుకున్నారు. ఈమెయిల్ ఐడీ చివర అంకె తగిలించే పని వాళ్లు ఎప్పుడో చేశారు!

ఐటీ కారిడార్ నుంచి కూతవేటు దూరంలో ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరా ఇంతే. గోల్కొండ రాజ్యాన్ని స్థాపించింది సుల్తాన్ కులీ కుతుబ్‌షా. 1591లో హైదరాబాద్‌ను నిర్మించింది మహమ్మద్ కులీ కుతుబ్‌షా. 1612లో ఆయన తర్వాత గద్దెనెక్కిన అల్లుడు మహమ్మద్ కుతుబ్‌షా. మక్కా మసీదు పని మొదలైంది ఈ అల్లుడి కాలంలోనే. మధ్యలో 'కులీ' ఒక్కటి జారిపోతే చాలు... మామ చార్మినార్, అల్లుడి మసీదు తారుమారైపోతాయి.

కవుల్లోనూ ఇద్దరు సోమనలున్నారు. బసవపురాణం రాసినది పాల్కురికి సోమన. ఉత్తర హరివంశం రాసినది నాచన సోమన. ముందున్న ఆ ఒక్క మాట లేకపోతే ఒకరి పుస్తకం ఇంకొకరి ఖాతాలో పడిపోయేది.

అక్కడా ఇదే కథ

'మన దగ్గరే ఇంత గందరగోళమా' అనుకోనక్కర్లేదు. పాత రోములో ఆడపిల్లలకు వంశం పేరునే ఇచ్చేసేవారు. జూలియస్ సీజర్ అక్కచెల్లెళ్లు ఇద్దరి పేర్లూ జూలియానే. మేనత్త జూలియా. కూతురూ జూలియానే! పెద్ద జూలియా, చిన్న జూలియా అని పిలుచుకుని సరిపెట్టుకున్నారు. రోములోనే పోపుల లెక్క ఇంకా చిత్రం. జాన్ అన్న పేరుతో అంతమంది పోపులు రావడంతో ఎక్కడో లెక్క తప్పింది. ఫలితంగా 21వ జాన్ ఉన్నాడు కానీ 20వ జాన్ అన్న పోపే లేడు.

1879లో దక్షిణాఫ్రికాలోని రోర్క్స్ డ్రిఫ్ట్ దగ్గర జులూలతో పోరాడిన బ్రిటిష్ దళంలో జోన్స్‌లు ఎక్కువ. వాళ్లను పేరుతో పాటు నంబరు కలిపి పిలిచేవారు. ఆ పోరాటంలో విక్టోరియా క్రాస్ అందుకున్నవారిలో ఇద్దరు జోన్స్‌లున్నారు. ఒకరు 593 జోన్స్, ఇంకొకరు 716 జోన్స్! దక్షిణ కొరియాలో ప్రతి ఐదుగురిలో ఒకరి ఇంటిపేరు కిమ్. చైనాలో వాంగ్, లీ ఇంటిపేర్లవాళ్లు ఒక్కొక్కటీ దాదాపు 10 కోట్లమంది.

ఏ దేశంలోనైనా జరిగిందొక్కటే. పేరు చాలనప్పుడు పక్కన ఇంకోటి చేర్చారు. తల్లి పేరో, ఊరి పేరో, వరస సంఖ్యో.

సినిమావాళ్ల తెలివి

ఈ విషయంలో తెలుగు సినిమావాళ్లది ప్రత్యేకమైన దారి. పేరు తెచ్చిన సినిమానే ఇంటిపేరుగా మార్చేశారు. 1950లో వచ్చిన 'షావుకారు'తో ఆ జానకి షావుకారు జానకి అయ్యారు. గాయని ఎస్.జానకితో తికమక లేకుండా పోయింది. 1982 'శుభలేఖ'తో సుధాకర్, 1986 'సిరివెన్నెల'తో చేంబోలు సీతారామశాస్త్రి, 2003 'దిల్'తో నిర్మాత రాజు, 2005 'వెన్నెల'తో కిశోర్... అందరిదీ అదే వరస. పరిశ్రమలో అప్పటికే ఒక నరేశ్ ఉండగా ఇంకో నరేశ్ వచ్చాడు. 2002లో 'అల్లరి' ఆడడంతో అల్లరి నరేశ్ అయిపోయాడు.

ఇక శ్రీనివాస్‌లకైతే సినిమాల్లోనూ కొదవ లేదు. సింగీతం శ్రీనివాసరావు, కోట శ్రీనివాసరావు, పి.బి.శ్రీనివాస్, త్రివిక్రమ్ శ్రీనివాస్, శ్రీను వైట్ల, బోయపాటి శ్రీను, అవసరాల శ్రీనివాస్... ముందో వెనకో ఉన్న ఆ మాటే వాళ్లకు గుర్తింపు.

పొడి అక్షరాలు ఇంకో ఉపాయం. నందమూరి తారక రామారావు ఎన్టీఆర్ అయ్యారు. అదే పేరున్న మనవడు జూనియర్ ఎన్టీఆర్. తెలంగాణ ఐటీ మంత్రిగా పనిచేసిన కల్వకుంట్ల తారక రామారావు కేటీఆర్. పేరు ముగ్గురిదీ ఒకటే అయినా పొరబడేవాళ్లు ఎవరూ లేరు!

'వెంకటా' అంటే ఎవరు?

ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత... ఇదీ తెలుగువాళ్ల పద్ధతి. కంపెనీ దరఖాస్తులూ, పాస్‌పోర్టులూ వచ్చాక తిరకాసు మొదలైంది. వాటిలో ఒక గడి పేరుకు, ఇంకో గడి ఇంటిపేరుకు. వెంకట సత్య నాగ లక్ష్మీ శ్రీనివాస్ అని నలుగురు దేవుళ్లను కలిపి పెట్టిన పేరును కంప్యూటరు అంతా చదవదు. మొదటి మాట పట్టుకుంటుంది. దాంతో ఇంట్లో శీనుగా పెరిగినవాడు అమెరికా క్లయింటుకు 'వెంకటా' అవుతాడు. అదే ఫోన్ కాల్‌లో ఇంకో ఇద్దరు 'వెంకటా'లుంటారు. ఆ పేరుతో పిలిస్తే తననేనని గుర్తుపట్టడానికే కుర్రవాడికి వారం పడుతుంది.

ఈ తిరకాసు పాతదే. భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావునే తీసుకోండి. 1925లో ఆయన అమెరికాలో సహచరుడితో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. ప్రపంచం దాన్ని 'ఫిస్కే-సుబ్బారావు పద్ధతి' అంటోంది. ఫిస్కే అన్నది ఆయన ఇంటిపేరు, సుబ్బారావు అన్నది ఈయన సొంత పేరు. యల్లాప్రగడ ఎటో పోయింది! గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు 1945లో కనిపెట్టిన సూత్రం 'క్రామర్-రావు' పేరుతో ప్రసిద్ధం. ఇక్కడ ఇంటిపేరూ లేదు, పేరూ లేదు. మిగిలింది చివరి 'రావు'! గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ముందున్న రోడ్డుకు ప్రొఫెసర్ సి.ఆర్.రావు పేరే పెట్టారు. 2014లో మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన హైదరాబాదీ సత్య నాదెళ్ల విషయంలో ఇంటిపేరు వెనక్కి వెళ్లింది, సత్యనారాయణలో సగం మిగిలింది.

ప్రపంచమంతా రావులు, వాంగ్‌లు, కిమ్‌లు పరిశోధనలు రాస్తుంటే ఏది ఎవరిదో తేలేదెలా? ఆ చిక్కు తీర్చడానికే 2012లో పరిశోధకులకు 16 అంకెల 'ఆర్కిడ్' సంఖ్య ఇవ్వడం మొదలుపెట్టారు.

పాస్‌పోర్టులో ఒకే గడి నింపినవాళ్లది ఇంకో బాధ. రెండో గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద పేరుకు బదులు 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. అమ్మానాన్నలు బారసాల చేసి మరీ పెట్టిన పేరు తెలియకపోవడమేమిటి! 2022 నవంబరులో యూఏఈ కూడా పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవారికి సందర్శక వీసాపై ప్రవేశం ఉండదని ప్రకటించింది.

నేను వాడిని కాదు!

తికమక ఎప్పుడూ నవ్వుకునేలానే ఉండదు. కొత్త ఉద్యోగంలో చేరేముందు కంపెనీలు అభ్యర్థి పూర్వాపరాలు తనిఖీ చేయిస్తాయి. కోర్టు రికార్డుల్లో అదే పేరుతో ఎవరి మీదో కేసు కనిపించిందనుకోండి... ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నా చేరే తేదీ వెనక్కి పోతుంది. ఆ నిందితుడు తను కాదని తండ్రి పేరుతో, పుట్టినతేదీతో, పాత చిరునామాలతో రుజువు చేసుకోవాల్సిన భారం అభ్యర్థి మీదే పడుతుంది. పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ అంతటివాడిని 2004లో విమానాశ్రయాల్లో పదే పదే ఆపారు. నిఘా జాబితాలోని ఓ మారుపేరు ఆయన పేరును పోలి ఉండడమే కారణం!

ఎన్నికల్లో దీన్నే ఆయుధంగా వాడుకుంటారు. 2004లో కేరళలోని ఆలప్పుళలో వి.ఎం.సుధీరన్ 1,009 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అక్కడే పోటీచేసిన వి.ఎస్.సుధీరన్‌కు ఎనిమిది వేలకు పైగా ఓట్లు పడ్డాయి. ఇలాంటివి చూసే ఎన్నికల సంఘం 2015 నుంచి ఓటింగ్ యంత్రం మీద అభ్యర్థుల ఫొటోలు పెట్టించింది.

ఐటీ రంగం ముందే మేలుకుంది. ఉద్యోగి ఎవరో పక్కాగా తేల్చుకోవడానికి 2006లో నాస్కామ్ 'నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ' ప్రారంభించింది. ఫొటో, వేలిముద్రలతో సహా వివరాలు అందులో నమోదవుతాయి. 2010 సెప్టెంబరులో దేశంలో తొలి ఆధార్ సంఖ్య ఇచ్చారు. 2014లో ప్రావిడెంట్ ఫండ్‌కు 12 అంకెల యూఏఎన్ వచ్చింది. ఇన్ని అంకెలొచ్చాక ఇక పేరుతో పనేముంది అనిపిస్తుంది. కానీ అంకెలన్నిటినీ కలిపేటప్పుడు మళ్లీ చూసేది పేరునే! పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్‌లో చివరకు వెళ్లిపోతుంది. తెలుగులో శ్రీనివాస్ ఒక్కటే. ఇంగ్లిషులో 'శ్రీ'ని ఐతో రాసేవారొకరు, రెండు 'ఈ'లతో రాసేవారొకరు. లక్ష్మిని ఎక్స్‌తో రాసేవారొకరు, కెఎస్‌హెచ్‌తో రాసేవారొకరు. సంఖ్యాశాస్త్రం చూసి మధ్యలో ఇంకో అక్షరం దూర్చేవాళ్లు సరేసరి. ఇల్లు కట్టుకుందామనో, అమ్మాయి పెళ్లి చేద్దామనో పీఎఫ్ డబ్బుకు దరఖాస్తు పెట్టినప్పుడు ఆ ఒక్క అక్షరమే అడ్డం తిరుగుతుంది.

ఊళ్లో సుబ్బారావు తనెవరో ఎవరికీ చెప్పుకోలేదు. ఊరే చెప్పేది. నగరంలో చెప్పేవాళ్లెవరూ లేరు. తను తనేనని కాగితాలు పట్టుకుని మనిషే రుజువు చేసుకోవాలి. పేరుకు వచ్చిన అసలు కష్టం ఇదే.

పేరు పెట్టేముందు...

ఇప్పటి తల్లిదండ్రులు ఎవరికీ లేని పేరు కావాలంటూ వెతుకుతున్నారు. మంచిదే. తాతగారి పేరే పెట్టాలని ముచ్చటపడినా తప్పేం లేదు. కాకపోతే కొన్ని జాగ్రత్తలు అవసరం.

* 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువీకరణ పత్రమే ముఖ్య ఆధారం. పేరు, స్పెల్లింగు అందులో ఎలా ఉండాలో ముందే నిర్ణయించుకోవాలి. ఆస్పత్రి హడావుడిలో నోటికొచ్చినట్టు చెప్పేయకూడదు.

* పుట్టినప్పుడు పేరు రాయించకపోయినా కంగారు లేదు. ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. తర్వాత రుసుము కట్టి 15 ఏళ్ల వరకూ చేర్చుకోవచ్చు.

* ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించాలి. అన్ని కాగితాల్లోనూ ఒకే వరసలో ఉండాలి.

* పాస్‌పోర్టు దరఖాస్తులో రెండు గడులూ నింపాలి. 'వెంకట' అన్న మాట ముందుంటే రేపు ఆఫీసులో అదే పిలుపుపేరవుతుందని గుర్తుంచుకోవాలి.

* ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే. ఆ మార్పు చేసేముందు పదో తరగతి సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోవాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మరో పాతికేళ్లకు ఇంకో చిక్కు తప్పకపోవచ్చు. ఎవరికీ లేని పేరని ఈ తరం ముచ్చటపడి పెట్టుకున్న పేర్లు ఒక్కో తరగతిలో ఇద్దరు ముగ్గురికి ఉంటున్నాయి. హాజరు పట్టీ తెరిచిన టీచరమ్మ అప్పుడే పెద్ద ఆద్య, చిన్న ఆద్య అని పిలవడం మొదలుపెట్టేసింది మరి!